అమెరికా కాంగ్రెసు ఎన్నికలలో విధాన వైఖరులు, విషయ పరిశోధనము

అమెరికా సంయుక్త రాష్ట్రముల కేంద్ర శాసనసభకు కాంగ్రెసు అని పేరు. తెలుగు పాఠకునకు ఈ పదము వినబడగానే ఒక రాజకీయ పక్షము స్ఫురించుట సహజమే గాని, ప్రస్తుత వ్యాసమున అది ప్రతినిధి సభ, సెనేటు అను రెండు సభల సముదాయమును మాత్రమే తెలుపును. ఈ సభలలో స్థానమును కోరు అభ్యర్థి, ఒకానొక ప్రజాసమస్యను గూర్చి తా నెట్టి చట్టమును బలపఱచునో, దేనిని నిరోధించునో, అందుకగు వ్యయ మెవరిపై మోపదలచెనో బహిరంగముగ ప్రకటించు నిర్ణయమును విధాన వైఖరి యందురు. ఆ నిర్ణయమునకు ఆధారములగు శాసనములను, గణాంకములను, పూర్వ చరిత్రను, జనాభిప్రాయమును సేకరించి, తరచి చూచి, అభ్యర్థి సభాముఖమున నాలుగు మాటలలో చెప్పుటకు వీలగునట్లు సంగ్రహించి యిచ్చు పనికి విషయ పరిశోధనమని పేరు. వైఖరి ఋణపత్రము వంటిది. దానిని వ్రాసి యిచ్చువాడు తీర్పగలవాడో కాడో ముందుగా లెక్క చూచుకొనుటయే పరిశోధనము.

రాజ్యాంగ నేపథ్యము

అమెరికా రాజ్యాంగము మొదటి అధికరణము ననుసరించి ప్రతినిధి సభ సభ్యులు రెండేండ్లకును, సెనేటరులు ఆరేండ్లకును ఎన్నుకొనబడుదురు. సెనేటరులను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకొను పాత పద్ధతి 1913లో పదునేడవ సవరణముతో తొలగి, వారును ప్రజల ప్రత్యక్ష వోటునకు లోనైరి. ప్రతినిధి సభ సభ్యుల సంఖ్య 1911 నాటి శాసనమువలన 435గా ఏర్పడి, 1929 నాటి శాసనమువలన స్థిరపడినది. 2020 జనాభా లెక్కల తరువాత ఒక్కొక్క నియోజకవర్గమునకు సగటున 7 లక్షల 60 వేలకు పైగా జనులు వచ్చిరి. సరిసంఖ్య గల ప్రతి సంవత్సరము నవంబరు మాసమున, మొదటి సోమవారమునకు మఱునాడగు మంగళవారమున, ప్రతినిధి సభ స్థానము లన్నిటికిని ఒక్కమారే ఎన్నిక జరుగును. కావున ప్రతినిధి ప్రమాణస్వీకారము చేసిన దినమునుండియే రాబోవు ఎన్నిక అతని వెన్నంటి యుండును. అతడు సభలో వేయు ప్రతి వోటును రేపటి ప్రచారమున ఎవరో ఒకరు ఎత్తి చూపుదురు.

రాజ్యాంగకర్తలు ఈ సంబంధమును ముందే గుర్తించిరి. సభలో హాజరైనవారిలో అయిదవ వంతు కోరినయెడల, ఎవరు ఔననిరో ఎవరు కాదనిరో పేరు పేరున సభా దినచర్యలో నమోదు చేయవలెనని మొదటి అధికరణము అయిదవ విభాగము శాసించుచున్నది. నామవార వోటు అనబడు ఈ చిన్న నిబంధనయే నేటి విషయ పరిశోధనమున కంతకును మూలకందము. ప్రతినిధి తన ప్రాంతపు వాణిజ్యమును, పన్నులను, ప్రజాసైన్యమును గూర్చి ఎంత తెలిసికొనవలెనను ప్రశ్నను, రాజ్యాంగమును సమర్థించుటకై వెలువడిన ఫెడరలిస్టు వ్యాసములలో ఏబదియాఱవది చర్చించినది. అంతకు ముందే 1774లో బ్రిటిషు పార్లమెంటు సభ్యుడగు ఎడ్మండ్ బర్కు, బ్రిస్టలు నగర వోటర్లతో మాటలాడుచు, ప్రతినిధి తన నియోజకుల ఆజ్ఞలను మోయు దూత కాడనియు, స్వబుద్ధితో నిర్ణయించుకొనవలసినవాడనియు వాదించెను. వోటరు చెప్పినది చేయుటయా, తనకు యుక్తమని తోచినది చేసి వోటరునకు సమాధానము చెప్పుకొనుటయా యను ఆనాటి వివాదము నేటి ప్రతి అభ్యర్థి యెదుటను మరల నిలుచుచున్నది.

చారిత్రక వికాసము

పందొమ్మిదవ శతాబ్దిలో అభ్యర్థికి స్వంత వైఖరి అంతగా అవసరము లేకపోయినది. పక్షనాయకుల సమావేశములు అభ్యర్థిని నియమించెడివి. పక్ష ప్రణాళికయే అతని ప్రణాళిక. పక్షపు పత్రికయే అతని గొంతుక. ఇరువదవ శతాబ్ది ఆరంభమున విస్కాన్సిన్ వంటి రాష్ట్రములు, పక్షాభ్యర్థిని సామాన్య వోటర్లే ఎన్నుకొను ప్రాథమిక ఎన్నికలను ప్రవేశపెట్టినప్పుడు ఈ స్థితి మారినది. ఒకే పక్షమునకు చెందిన ఇద్దరు ముగ్గురు ఒకరితో నొకరు పోటీపడునప్పుడు పక్షనామము వారిని వేఱుచేయజాలదు. ఏ పన్ను తగ్గింతువు, ఏ రేవు బాగుచేయింతువు అను ప్రశ్నలకు ఎవరికి వారే బదులు చెప్పుకొనవలసి వచ్చెను. వ్యక్తిగత వైఖరికి పుట్టినిల్లు ప్రాథమిక ఎన్నికయే యనవచ్చును.

పరిశోధన సాధనములును క్రమముగా సమకూడినవి. 1873లో ఆరంభమైన కాంగ్రెషనల్ రికార్డు సభలలోని ప్రసంగములను, వోట్లను ప్రచురించుచు వచ్చినది. సభ్యుల సహాయార్థము కాంగ్రెసు గ్రంథాలయమున 1914లో ఏర్పడిన శాసన సమాచార విభాగము 1970లో కాంగ్రెషనల్ రిసెర్చి సర్వీసు అను పేరు దాల్చెను. జార్జి గాలప్ 1935లో స్థాపించిన సంస్థ ప్రజాభిప్రాయమును శాస్త్రీయముగ కొలుచు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. 1945లో వెలసిన కాంగ్రెషనల్ క్వార్టర్లీ పత్రిక సభ్యుల వోట్లను పట్టికలుగా కూర్చి పత్రికలవారికి అందించెను. 1970 నాటి శాసనసభా పునర్వ్యవస్థీకరణ చట్టమునకు పూర్వము, ప్రతినిధి సభ పూర్ణసంఘముగ కూర్చుండి బిల్లులకు సవరణలు చేయునప్పుడు ఎవరెటు వోటువేసిరో పేరువారీగా నిలిచెడిది కాదు. ఆ చట్టము ఈ చీకటిని తొలగించెను. 1973లో విద్యుత్ వోటు యంత్రములు వచ్చిన పిమ్మట నమోదైన వోట్ల సంఖ్య మిక్కిలి పెరిగినది. 1995లో థామస్ అను ఇంటర్నెట్ భాండారము తెఱచుకొనుటతో, వాషింగ్టనుకు పోయి గ్రంథములు తిరుగవేయు శ్రమ తప్పి, మారుమూల పల్లెలోని స్వచ్ఛంద సేవకుడును బిల్లుల పాఠములను తన బల్లమీదనే చదువగలిగెను.

పరిశోధన శాఖ

పెద్ద పోటీలలో తప్ప, ప్రతినిధి సభ అభ్యర్థి ప్రచార కార్యాలయమున పరిశోధనకు ఒకరిద్దరికంటె ఎక్కువమంది యుండరు. తక్కిన పనిని విద్యార్థులు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, న్యాయవాదులు స్వచ్ఛందముగ పంచుకొందురు. డెమొక్రాటిక్, రిపబ్లికను అను రెండు ప్రధాన పక్షములకును కాంగ్రెసు ఎన్నికల సంఘములు కలవు. రెండును తమ మూలములు 1866 నాటివని చెప్పుకొనును. తమ అభ్యర్థులకు ధనముతో పాటు విషయ సంగ్రహములను, ప్రత్యర్థి చరిత్రలను సమకూర్చుట వీని విధులలో ఒకటి.

పదవిలో నున్న సభ్యునకును, అతనిని ఎదుర్కొను కొత్త అభ్యర్థికిని ఇచ్చట గొప్ప తారతమ్యము కలదు. సభ్యునకు ఏండ్ల తరబడి ఆ విషయములలోనే మునిగియున్న సహాయకు లుందురు. రిసెర్చి సర్వీసు నిపుణులు అతడడిగిన ప్రశ్నకు నివేదిక వ్రాసియిత్తురు. అయితే ప్రభుత్వ వేతనముపై పనిచేయువారు ఆ సమయమున, ఆ కార్యాలయమున ఎన్నికల పని చేయరాదని సభా నియమములు నిషేధించుచున్నవి. కొత్త అభ్యర్థికి ఈ సహాయ మేమియు లేదు. రిసెర్చి సర్వీసు నివేదికలు 2018 నుండి సర్వజనులకు చట్టరీత్యా లభ్యమగుటవలన ఈ అంతరము కొంత తగ్గినది గాని పూర్తిగా తొలగలేదు.

నియోజకవర్గ పరిచయము

పరిశోధకుని మొదటి గ్రంథము నియోజకవర్గమే. జనాభా శాఖ పట్టికలు, కార్మిక గణాంక శాఖ లెక్కలు, పూర్వపు ఎన్నికల ఫలితములు పోలింగు కేంద్రముల వారీగా, అచ్చటి కర్మాగారములు, సైనిక స్థావరములు, ఆసుపత్రులు, నీటి వనరులు — వీని నన్నిటిని కలిపి ఒక చిత్రమును గీయవలెను. కాలిఫోర్నియా దక్షిణమున ఇంపీరియలు లోయ ఇందుకు చక్కని దృష్టాంతము. అది స్వభావముచే ఎడారి. ఆల్ అమెరికన్ కాలువ ద్వారా వచ్చు కొలరాడో నదీజలములే దానిని సస్యశ్యామల మొనర్చినవి. అచ్చటి వోటరునకు నీటి హక్కు, పంటల ధర, పొలముపని చేయువారి లభ్యత అనునవి వేర్వేరు సమస్యలు కావు; అవన్నియు ఒక్క బ్రదుకులోని అంశములు. పంజాబు దేశమున పుట్టి, బర్క్‌లీలో గణితశాస్త్రమున డాక్టరేటు పొంది, ఆ లోయలోనే వ్యవసాయము చేసిన దలీప్ సింగ్ సౌంద్, 1956లో ఇంపీరియలు, రివర్‌సైడు కౌంటీలతో కూడిన నియోజకవర్గమునుండి గెలిచి, వోటుహక్కు గల సభ్యుడుగ కాంగ్రెసులో ప్రవేశించిన మొదటి ఆసియా సంతతి అమెరికను అయ్యెను. ఆయన ప్రత్యర్థి జాక్వెలిన్ కాక్రన్ ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన వైమానికురాలు. పొలములో నిలిచి నేర్చిన పరిచయమునకు సాటిరాగల పరిశోధనము ఏ కార్యాలయములోను దొరకదు.

విషయ సంగ్రహ పత్రము

పరిశోధనమునకు ప్రాణము ఒకటి రెండు పుటల సంగ్రహ పత్రము. దాని స్వరూపమును తెలుగువారికి చిరపరిచితమైన ఒక విషయముతో చూపవచ్చును. ఉద్యోగ ప్రాతిపదికపై ఏటేట ఇచ్చు గ్రీన్ కార్డులు సుమారు 1 లక్షా 40 వేలు. ఏ ఒక్క దేశము వారికిని అందు సాధారణముగ 7 శాతము మించరాదని 1990 నాటి వలస చట్టము పరిమితి విధించినది. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు ప్రాంతములనుండి హెచ్-1బి వీసాలపై వెళ్లిన వేలాది ఇంజనీర్లు ఈ పరిమితివలననే ఏండ్ల తరబడి నిరీక్షించుచున్నారు. వారికి వోటు లేదు. వోటు గల వారి బంధుమిత్రులు సభలలో అభ్యర్థిని నిలదీసి యడుగుదురు.

చట్టబద్ధమైన వలసను నేను సమర్థింతునని అభ్యర్థి బదులు చెప్పినచో అది మర్యాద మాత్రమే గాని వైఖరి కాదు. పరిశోధకుని పత్రము ఆ ప్రశ్నను విప్పి చూపును: ప్రస్తుత చట్టమేమి, పరిమితి నెత్తివేసినచో ఎవరికి మేలు, మొత్తము సంఖ్యను పెంచక పరిమితిని మాత్రమే తొలగించినచో ఇతర దేశముల వారి నిరీక్షణ ఎంత పెరుగును, ఆ పరిమితి నెత్తివేయు బిల్లునకు 2019 జూలైలో ప్రతినిధి సభయందు అనుకూలముగ 365, ప్రతికూలముగ 65 వోట్లు వచ్చినవి గదా, ప్రత్యర్థి ఆనాడు సభలో నున్నచో ఎటు వోటువేసెను, అభ్యర్థి ఇంతకు ముందెప్పుడైన ఈ విషయమున ఏమనియుండెను, నియోజకవర్గములో ఈ సమస్య తగిలిన సంస్థలు, కుటుంబములు ఏవి. చివర, ఇవన్నియు జీర్ణించుకొన్న ఒక్క వాక్యపు సమాధానము. ఆ వాక్యమును విన్న వోటరు సంతోషించవచ్చును, కోపగించవచ్చును. అభ్యర్థి యేమి చేయునో మాత్రము అతనికి తెలియును. వైఖరికి లక్షణ మదియే.

హైదరాబాదులో జన్మించి, మేరీలాండులో రవాణా ఇంజనీరుగ పనిచేసి, ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన అరుణా మిల్లరు 2018లో ఆఱవ కాంగ్రెసు నియోజకవర్గమున డెమొక్రాటిక్ ప్రాథమిక ఎన్నికలో పోటీచేసి రెండవ స్థానమున నిలిచిరి. తరువాత 2023లో ఆమె ఆ రాష్ట్రమునకు లెఫ్టినెంటు గవర్నరైరి. తెలుగు గడ్డపై పుట్టినవారు ఈ వ్యవస్థలో ప్రశ్న అడుగువారుగనే గాక సమాధానము చెప్పువారుగను నిలిచిరనుటకు ఇది నిదర్శనము.

ప్రశ్నావళులు, ప్రతిజ్ఞలు

ప్రచారకాలమున కార్మిక సంఘములు, వర్తక మండలులు, వైద్యులు, రైతులు, తుపాకి హక్కుల వారు, పర్యావరణవాదులు తమ తమ ప్రశ్నావళులను అభ్యర్థికి పంపుదురు. సమాధానమును బట్టి వారి మద్దతు, విరాళము ఉండును. 1920లో స్థాపితమైన మహిళా వోటర్ల సమితి పక్షపాతము లేక అందఱి సమాధానములను ప్రచురించుచు వచ్చినది. 1947లో వెలసిన అమెరికన్స్ ఫర్ డెమొక్రాటిక్ యాక్షన్ సంస్థ సభ్యుల వోట్లకు మార్కులువేయు సంప్రదాయమును నాటినది. అనంతరము పర్యావరణ సంస్థలు, సంప్రదాయవాద సంఘములు ఆ దారినే నడచినవి. 1986 నుండి పన్నులు పెంచబోమను లిఖిత ప్రతిజ్ఞపై రిపబ్లికను అభ్యర్థులు అనేకులు సంతకము చేయుచున్నారు. ప్రశ్నావళిలో ఔను, కాదు అను రెండు గడులే యుండును. శాసనము మాత్రము ఆ రెంటి నడుమనే పుట్టును. తొందరపడి గీసిన ఒక టిక్కు రెండేండ్లు చేతులు కట్టివేయగలదని అనుభవజ్ఞులగు పరిశోధకులు ప్రతి సమాధానమును అభ్యర్థిచేత చదివించి, ప్రతిని దాచియుంతురు.

ప్రత్యర్థి చరిత్ర పరిశోధనము

ప్రత్యర్థి వేసిన వోట్లను, చేసిన ప్రసంగములను, ప్రకటించిన ఆస్తులను శోధించుట న్యాయమైన పనియే. ఆ చరిత్ర ప్రజల సొత్తు. అయితే సత్యమైన అంకెతోనే అసత్యమైన అభిప్రాయమును కలిగింప వచ్చునని చెప్పుటకు రెండు ఉదాహరణములు చాలును.

1946లో కాలిఫోర్నియా పండ్రెండవ నియోజకవర్గమున, పదేండ్లుగ సభ్యుడైన జెర్రీ వూర్హిస్‌ను రిచర్డు నిక్సను ఎదిరించెను. గడచిన నాలుగేండ్లలో వూర్హిస్ ప్రవేశపెట్టిన బిల్లులలో చట్టమైనది ఒక్కటేయనియు, అదియు పెంపుడు కుందేళ్ల వ్యవహారమును ఒక ప్రభుత్వ శాఖనుండి మఱొక శాఖకు మార్చునదియే యనియు నిక్సను పక్షము చాటినది. కాంగ్రెసులో ఒక సభ్యుని కృషి స్థాయీసంఘముల సవరణలలో, ఇతరుల పేరుతో వెలువడు బిల్లులలో కలిసిపోవునన్న సంగతిని కుందేళ్ల కథ మఱుగుపఱచెను. నిక్సను సుమారు 15 వేల వోట్ల ఆధిక్యముతో గెలిచెను.

1950లో సెనేటు స్థానమునకు నిక్సను, హెలెన్ గహగన్ డగ్లసు పోటీపడిరి. ఆమె ప్రతినిధి సభలో వామపక్ష సభ్యుడగు వీటో మార్కంటోనియోతో కలిసి 354 పర్యాయములు ఒకేవిధముగ వోటువేసెనని నిక్సను పక్షము గులాబి రంగు కాగితముపై అచ్చువేయించి పంచినది. అంకె సభా గ్రంథములనుండి తీసినదే. ఆ వోట్లలో అధికభాగము ఆమె పక్షమువారు ఎందఱో అదేవిధముగ వేసిన సామాన్యమైన వోట్లు. ఆ మాట ఆ కాగితమున లేదు. కాగితపు రంగు కూడ కమ్యూనిస్టు సానుభూతి యను నింద మోసినది. డగ్లసు ఓడిపోయెను. ఈనాటికిని పరిశోధకులకు శిక్షణ నిచ్చువారు ఆ పత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఒక వోటును ఉదహరించునపుడు అది మూల బిల్లుపై వేసినదా, సవరణపై వేసినదా, బిల్లును సంఘమునకు త్రిప్పి పంపవలెనను తీర్మానముపై వేసినదా, వందలాది అంశములను ఒకేమూటగ కట్టిన వ్యయ బిల్లుపై వేసినదా యని చెప్పని పరిశోధనము అర్ధసత్యము. అర్ధసత్యమును ఖండించుట పూర్తి అబద్ధమును ఖండించుటకంటె కష్టము.

జాతీయ ప్రణాళిక: 1994

అభ్యర్థులందఱును ఒకే వైఖరిని చేపట్టిన ప్రసిద్ధ ప్రయత్నము 1994 నాటిది. ఆ సంవత్సరము సెప్టెంబరు 27న న్యూట్ గింగ్రిచ్ నాయకత్వమున మూడువందలకు పైబడిన రిపబ్లికను అభ్యర్థులు కాంగ్రెసు భవనపు మెట్లపై ‘అమెరికాతో ఒప్పందము’ అను పత్రమున సంతకము చేసిరి. తమకు ఆధిక్యము లభించినచో మొదటి నూఱు దినములలో పది బిల్లులను సభయెదుటికి తెత్తుమనుట అందలి సారాంశము. జనాభిప్రాయ సేకరణలతో శోధించి, విస్తృతముగ ఆమోదము గల అంశములనే అందు చేర్చిరి; పక్షమును చీల్చు గర్భస్రావ సమస్య వంటివానిని వదలిరి. రిపబ్లికనులు 54 స్థానములు అధికముగ గెలిచి, నలుబదియేండ్ల తరువాత ప్రతినిధి సభను చేజిక్కించుకొనిరి. పది అంశములను మాట ప్రకారము వోటునకు పెట్టిరి. సభ్యుల పదవీకాలమును పరిమితము చేయు రాజ్యాంగ సవరణమునకు మాత్రము కావలసిన మూడింట రెండువంతుల బలము లభింపలేదు. సభ దాటినవానిలో అనేకములు సెనేటులోను, అధ్యక్షుని నిరాకరణమువలనను ఆగిపోయినవి. ఎన్నికల నాటికి వోటర్లలో పెద్దభాగము ఆ ఒప్పందము పేరే వినియుండలేదని నాటి సేకరణలు తెలిపినవి. కావున ఆ విజయమునకు ఒప్పందమే కారణమనుట అతిశయోక్తి. గెలిచినవారికి అది కార్యక్రమ పట్టిక యయ్యెననుట సత్యము.

వైఖరికి చెల్లించు మూల్యము

అదే ఎన్నికలో పెన్సిల్వేనియాకు చెందిన మార్జరీ మార్గోలీస్ మెజ్విన్‌స్కీ ఓడిపోయెను. అంతకు ముందటి సంవత్సరము ఆగస్టు 5న అధ్యక్షుడు క్లింటను బడ్జెటు బిల్లు 218–216 వోట్లతో గట్టెక్కినప్పుడు, ఆమె వోటు నిర్ణాయకమైనది. ఆ బిల్లును వ్యతిరేకింతునని ఆమె ముందు బహిరంగముగ చెప్పియుండెను. దేశ ప్రయోజనమునకై మాట మార్చుకొంటినని భావించు ప్రతినిధికిని, మాట తప్పెనని భావించు వోటరునకును నడుమ తీర్పు చెప్పునది ఎన్నికయే. బర్కు సిద్ధాంతమునకు ఆమె చెల్లించిన వెల, సభలో వేసిన ఒక్క వోటువలన పోయిన స్థానము.

పండితుల పరిశీలనలు

వారెన్ మిల్లరు, డొనాల్డు స్టోక్సు 1958 ఎన్నికలలోని 116 నియోజకవర్గములను పరిశీలించి 1963లో ప్రకటించిన వ్యాసమున, పౌరహక్కుల విషయమున వోటరు అభిప్రాయమునకును ప్రతినిధి వోటునకును సామ్యము గాఢముగ నున్నదనియు, విదేశాంగ విషయమున మిక్కిలి స్వల్పమనియు తేల్చిరి. సామాన్య వోటరునకు అభ్యర్థి వైఖరులు బహుకొలదిగ తెలియుననియు వారు కనుగొనిరి. 1974లో డేవిడ్ మేహ్యూ, సభ్యుడు తిరిగి గెలుచుటకై ఆత్మప్రచారము, ఘనతను తనకు చేర్చుకొనుట, వైఖరి ప్రకటించుట అను మూడు పనులలో కాలము గడపునని ప్రతిపాదించెను. వైఖరి ప్రకటించుటకు ఫలితము సాధించుట అవసరము లేదన్న ఆయన సూచన ఈ రంగమునకు ఎత్తిన దీపము వంటిది.

ధనము, చట్టము

1974 నాటి శాసనముతో ఏర్పడిన ఫెడరలు ఎన్నికల సంఘమునకు అభ్యర్థులు తమ రాబడిని, వ్యయమును నివేదింపవలెను. పరిశోధనకు వెచ్చించిన సొమ్మును ఆ పద్దులలో చూడవచ్చును. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన సిటిజన్స్ యునైటెడ్ తీర్పు పిమ్మట స్వతంత్ర సంఘముల వ్యయము విపరీతముగ పెరిగినది. ఆ సంఘములు అభ్యర్థితో సంప్రదించి ప్రకటనలు చేయరాదు. అందువలన అభ్యర్థులు అనేకులు ప్రత్యర్థి లోపముల పట్టికను తమ వెబ్‌సైటులోనే ఒక మూల బహిరంగముగ ఉంచుదురు. సంఘములవారు దానిని చదివి ప్రకటనలు తయారుచేయుదురు. నియమపు అక్షరము నిలిచి, భావము జారిపోవు ఈ పద్ధతిని సంస్కరింపవలసి యున్నది.

ఉపసంహారము

విషయ పరిశోధనమువలన అభ్యర్థి గెలుచునని చెప్పుటకు వీలులేదు. పక్షాభిమానము, ఆర్థిక స్థితి, అధ్యక్షుని ప్రతిష్ఠ అంతకంటె బలవత్తరములు. అయినను అది లేని ప్రచారము ప్రజలను మోసగించుటయే యగును; ఏలయన, తెలియని విషయముపై ఇచ్చిన మాటను నిలుపుకొనుట ఎవరి తరమును కాదు. మంచి పరిశోధకుడు అభ్యర్థికి ప్రియమైన దానిని గాక నిజమైన దానిని చెప్పును. మంచి అభ్యర్థి తన వైఖరికగు వ్యయమును దాచడు. తక్కిన పని వోటరుది. ఎన్నికలనాడు చేతికందిన వైఖరి పత్రమును భద్రపఱచుకొని, రెండేండ్ల పిమ్మట దానిని నామవార వోట్ల పట్టికతో సరిచూడవలెను. ఆ పట్టిక ఈనాడు ఎల్లరకును ఉచితముగ లభ్యమగుచున్నది.